మంచి మొహం కిందికి

మగ్గం విప్పేసిన చోటే మేం వంటిల్లు కట్టుకున్నాం. మోకాళ్లు అరిగిపోయి మగ్గం గుంటలో దిగలేక అమ్మే దాన్ని విప్పించింది. అయినా నేనే పీకించినట్టు నెలరోజులు మూతి ముడుచుకుంది. ముప్పై ఏళ్లు చీర అంచుల్లో పూలు నేసిన మనిషి మరి. చిన్నప్పుడు నాకూ నేర్పబోయి, నీ చేతికి నిదానం లేదని నాలుగో రోజే దింపేసింది. మగ్గం సామానంతా ఇచ్చేసి, గుండ్రటి చిన్న అద్దం ఒక్కటి దాచుకుంది. ఆమె నేసేటప్పుడు చీర మంచి వైపు కిందికి ఉండేది. పువ్వు సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి బట్ట కింద ఆ అద్దం పెట్టేది.

పెరట్లో కింద కూర్చుని గిన్నెలు తోమడం కూడా ఆమెకు కష్టమైంది. నిలబడి తోముకునేలా సింకు పెట్టిస్తానని మాటిచ్చాను. నేను కంపెనీ పనికి పోయే తిరువళ్లూరులో ఒక అంగట్లో, సింకు దించే గట్టుకు పనికొచ్చే ఆరడుగుల పలక మిగిలి ఉంది. మందపాటి ప్లైవుడ్, పైన లేత పచ్చ మైకా, ముందు అంచు గుండ్రంగా మడిచి ఉంది. అలాంటిది ఇంకోటి దొరకదని అంగడాయన ముందే చెప్పేశాడు. దాన్ని రైల్లో నిలబెట్టి తెచ్చాను. తిరువాలంగాడు స్టేషను వచ్చేదాకా పూలమ్మే ఒకావిడ దానికి ఆనుకుని హాయిగా నిద్రపోయింది.

ఆదివారం మా అక్క మొగుడు కోత మిషను తెచ్చాడు. కరెంటు పనులు చేసే మనిషి, తనే కోస్తానన్నాడు. నేనే కోస్తానన్నాను. వారం రోజులు వీడియోలు చూసి ఉన్నాను కదా. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని బావ నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, పలకను అతని కాలి మీద వేసినంత పని చేశాను.

ఆ మిషను రంపం పైకి లేస్తూ కోస్తుంది. మైకా పైన ఉంటే అంచంతా పెచ్చులు లేస్తుంది. అందుకే మైకా వైపు కిందికి పెట్టి, వెనక నుంచి కోయాలి. రెండు బల్లల మీద దుప్పటి పరిచి పలకను బోర్లించాం. మడత అంచు నా వైపు పెట్టుకుని, ఎడమ చివర సింకు కొలత గీశాను. రంపం దిగడానికి మూలల్లో రంధ్రాలు వేద్దామని డ్రిల్లు ఆనించాను.

అంతసేపూ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ, కుళాయి ఏ గోడకుందని అడిగింది. ఎడమ గోడకు, కనబడటం లేదా అన్నాను.

"మంచి మొహం కిందికి పెట్టినావు గదా పాపా. తిప్పినాక నీ సింకు యాడికి పోతాది?"

నీ చిక్కుళ్లు చూసుకో అనబోయి ఆగాను. మడత అంచు నా వైపే ఉండేలా పలకను తిప్పితే, ఎడమ చివర కుడికి పోతుంది. కుళాయి ఒక మూల, సింకు ఇంకో మూల. ఉన్నది ఒక్కటే పలక. బావ తల గోక్కున్నాడు, అతనికీ తట్టలేదు.

అమ్మ ఎగతాళి చేయలేదు. ముప్పై ఏళ్లు వెనక వైపు చూస్తూ ముందు వైపు నేసిన మనిషికి అదో లెక్క కాదు. మగ్గంతో పాటే ఆమె పనితనమూ ఇల్లు దాటిపోయిందని ఇన్నాళ్లూ నేను తీర్మానించేసుకుని ఉన్నాను. నాకు సిగ్గేసింది.

గీత కొట్టేసి కుడి చివర మళ్లీ గీశాను. అమ్మతో మూడుసార్లు సరే అనిపించుకున్నాను. మైకా వైపు గీత వచ్చేచోట టేపు అంటించి, సన్నపళ్ల రంపం బిగించి, తోయకుండా దాని దారిన దాన్ని పోనిస్తూ కోశాను. కోసిన ముక్క ఊడిపడి అంచును చీల్చకుండా బావ ముందే కింద ఇటుకలు పేర్చి చెక్క ఆనించాడు.

మిషను ఆగగానే పలక తిప్పబోయాం. అమ్మ ఆగమంది. మెల్లగా టేపు పీకించి, లోపలి నుంచి ఆ అద్దం తెచ్చి, కొంగుతో తుడిచి, వంగలేక వంగి పలక కింద పెట్టింది. నాలుగు పక్కలా జరిపి చూసింది. ఒక మూలను మళ్లీ చూసింది. కంపెనీలో ఏ సూపర్‌వైజరూ నన్నంత భయపెట్టలేదు.

"ఒక పోగు గూడా లేయలేదు" అంది.

మగ్గం మీద కూర్చున్న ఆ నాలుగు రోజులూ నేను ఎదురుచూసిన మాట అది. నలభై దాటాక, కాళ్ల నిండా రంపపు పొట్టుతో విన్నాను. బావ ముందు ఏడవడం ఇష్టం లేక, చూస్తావేంది, పలక ఎత్తమని కసిరాను.