నా నెత్తి మీంచి పడ్డ గోల్

ఆ రోజుల్లో నాకున్న తెలివితేటల సంగతి ముందే ఒప్పేసుకుంటాను. మీరు తర్వాత కనిపెట్టి నవ్వడం కంటే అదే మర్యాద. రెండు విమానాలు మారి ఇంగ్లండ్ వెళ్ళి, వేలాది మంది మధ్య కుర్చీలో కూర్చుని, ఆ మ్యాచ్‌లో పడ్డ ఒకే ఒక్క గోల్‌ని చూడకుండా తిరిగొచ్చిన ఫుట్‌బాల్ కోచ్‌ని నేనే. గోల్ చూడలేదు గానీ గోల మాత్రం విన్నాను. బ్రహ్మాండంగా ఉంది.

అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు. గాజువాకలో మా కాలనీ వెనకున్న మైదానంలో ఆడపిల్లల జట్టుకి శిక్షణ ఇచ్చేవాణ్ణి. స్టీల్ ప్లాంట్ ఉద్యోగుల పిల్లలు కొందరు, ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లలు కొందరు (బస్టాపు నుంచి పరుగెత్తుకొచ్చేవాళ్ళు కాబట్టి వాళ్ళకి వార్మప్ అక్కర్లేదు). నా విద్య మొత్తం ఒక్క సూత్రం మీద నడిచేది: బంతి మీంచి చూపు తిప్పితే మైదానం చుట్టూ పది రౌండ్లు. కారణం ఏదైనా సరే. ఒకసారి నేవీ హెలికాప్టర్ ఒకటి మా నెత్తి మీంచి పోతుంటే పదకొండు మందీ తలెత్తి చూశారు. పదకొండు మందీ పరుగెత్తారు. హెలికాప్టర్‌ని నేనూ చూశాననుకోండి, కానీ కోచ్‌ని పరుగెత్తించే కోచ్ ఎవరూ లేరు కదా!

అలాంటి నన్ను యూరప్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ చూసొచ్చే కోచ్‌ల బృందంలోకి ఎంపిక చేశారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆనించే పని మా బావ పెట్టుకున్నాడు. బావ అంటే మా అక్క మొగుడు, పోర్టులో క్రేన్ ఆపరేటరు. ఉద్యోగరీత్యా లోకాన్ని పైనుంచి చూసే అలవాటు. వాళ్ళమ్మాయి, అంటే నా మేనకోడలు, మా జట్టులోనే ఫార్వర్డు. ఓ సాయంత్రం మైదానం గోడ మీద కూర్చుని, పిల్లలందరూ వింటుండగా మొదలుపెట్టాడు.

"ఏటి బావా, ఆ ఆట మా ఇంట్లో టీవీలో రాదేటి? సోఫాలో కూకుని సూడక, అంత దూరం పోయి సలికి వణకడం ఎందుకు?"

"టీవీలో అయితే కెమెరా సూపించిందే సూత్తావు బావా. అక్కడుంటే నాక్కావల్సింది నాను సూసుకుంటాను," అన్నాను, ఛాతీ కాస్త పెంచి. అంతటితో ఆగితే బాగుండేది. పిల్లల వైపు తిరిగి, "పడిన ప్రతి గోలూ వచ్చాక మీకు గీసి సూపిత్తాను," అని మాటిచ్చాను కూడా.

ఇక ఆ శనివారం. అక్కడ మధ్యాహ్నం, ఇక్కడ సాయంత్రం. పచ్చిక ఎంత పచ్చగా ఉందంటే దాని మీద బూట్లతో నడిచేవాళ్ళని చూస్తే నాకే బాధేసింది. డెబ్బై నిమిషాలు నేను కనురెప్ప వేశానో లేదో గుర్తులేదు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. బావ, వీడియో కాల్.

"బావోయ్! టీవీలో నువ్వు కనబడతన్నావ్! నీలం టోపీయే కదా? కెమెరా నీ ఎనకాలే ఉంది. ఎనక్కి తిరిగి సెయ్యూపు, మీ అక్క సూత్తాదట!"

తిరిగాను. మైదానానికి వీపు పెట్టి, ఒక చేత్తో ఫోన్ ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో లేని కెమెరాకి మనస్ఫూర్తిగా చెయ్యూపాను. టోపీ కూడా సర్దుకున్నాను. అంతలో భూమి బద్దలైనట్టు శబ్దం. తిరిగి చూసేలోపే పక్కసీటు భారీకాయుడు ఆనందం పట్టలేక నన్ను కౌగిలించుకున్నాడు. నా ఎత్తుకి నా ముఖం సరిగ్గా అతని కోటు రెండో గుండీ దగ్గరికి వచ్చింది. అతను వదిలేసరికి పెద్ద తెర మీద రీప్లే కూడా అయిపోయింది.

తిరిగొచ్చాక నిజం చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. మైదానంలో సున్నంతో గీతలు గీసి, నాలుగు రాళ్ళు పెట్టి, ఎడమ పక్క నుంచి బంతి ఎలా లేచిందో, తలతో ఎలా నెట్టాడో నటించి మరీ చూపించాను. మేనకోడలు చెయ్యెత్తింది.

"సార్, బంతి కుడిపక్క నుంచి కదా వచ్చింది? కాలితో కదా కొట్టాడు?" (మైదానంలో నేను మావయ్యని కాదు, సార్‌ని.)

"నువ్వెక్కడ సూశావ్?"

"మీ నెత్తి మీంచి సార్. నాన్న ఫోన్‌లో మీరు సెయ్యూపతంటే ఎనకాల గోల్ పడిపోయింది. టీవీలో కాసేపాగి మళ్ళీ ఆలీసంగా వచ్చింది. మా ఇంట్లో కూకుని జట్టంతా రెండుసార్లు సూశాం."

 గోల్‌కీపర్ పిల్ల చాలా వినయంగా, "పది రౌండ్లు సార్," అంది.

పరుగెత్తాను. మాటంటే మాటే కదా. బావ గోడ మీద కూర్చుని మరమరాల మురీ మిక్చర్ తింటూ లెక్కపెట్టాడు. "ఆరు... ఏడు... ఇది ఏడేనేటి? ఏమో బావా, మళ్ళీ ఏడే అనుకో!" లెక్కకి పది, కాళ్ళకి పదకొండు. ఆ పదకొండో రౌండులోనే ప్రతీకారం తీర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఏడాది తిరక్కుండానే అవకాశం వచ్చింది. జిల్లా ఫైనల్లో ఇంకా ఎవరికీ గోల్ పడలేదు, ఆఖరి నిమిషాల్లో మాకు పెనాల్టీ వచ్చింది. కొట్టేది మేనకోడలు. కంచె అవతల బావ చేతులు జోడించి నిలబడ్డాడు. పిల్ల బంతిని చుక్క మీద పెట్టి, రిఫరీ విజిల్ కోసం ఎదురుచూస్తోంది. నేను గీత దగ్గర నుంచి ఫోన్ చేశాను.

"బావా, టీవీవాళ్ళొచ్చారు. ప్లేయర్ తండ్రని కెమెరా నీ మీదే పెట్టారు. ఎనక్కి తిరిగి సెయ్యూపు!"

తిరిగాడు! జేబులోంచి దువ్వెన తీసి జుట్టు దువ్వుకున్నాడు! అక్కడ ఐస్ గోలా బండాయన తప్ప పిట్ట కూడా లేదు. బావ చెయ్యూపాడు. బండాయన రెండు గోలాలు కావాలనుకుని తలూపాడు. నా జన్మలో అంత అందమైన దృశ్యం చూడలేదు. కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. మైదానం దద్దరిల్లింది.

పిల్ల ఆయాసపడుతూ నేరుగా మా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది, గెలిచిన సంతోషంలో సార్ అనడం కూడా మరిచిపోయి. "నాన్నా, మావయ్యా, సూశారా? ఏ మూలకి కొట్టానో సెప్పండి!"

బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. ఆయన్ని చూసే సంబరంలో ఆ గోల్ కూడా నేను చూడలేదని అప్పుడు తెలిసింది.

జనం వెళ్ళిపోయాక, కరిగిపోతున్న గోలా తలా ఒకటి చేత పట్టుకుని, బావా నేనూ మైదానం చుట్టూ పరుగెత్తాం. ఈసారి లెక్కపెట్టింది మేనకోడలు. సరిగ్గా పదే పెట్టింది. ఏడో రౌండ్లో బావ ఆయాసపడుతూ, "అయినా నాను తిరిగినప్పుడు బాగా కనబడ్డానా బావా?" అన్నాడు. కనబడ్డాడు. నా జీవితంలో నేను రెప్ప వేయకుండా చూసిన ఒకే ఒక్క గోల్ అదే.