అయ్యగారి విస్తట్లో నీలం దారం

ఒక మేక గుండెకాయ వల్ల మా పాస్టరు అయ్యగారు మా ఇంట్లో భోజనం సగంలో ఆపేశారు. నా నర్సింగు చదువు కూడా దాదాపు అక్కడే ఆగిపోయేది. ఆ రోజు డైరీలో "వంటలో చిన్న పొరపాటు" అని రాసుకున్నాను. మీకు మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను.

నంద్యాలలో సీటు వచ్చింది కానీ మా నాయన సగమే ఒప్పుకున్నాడు. "చుట్టాలొస్తే తలుపెనక దాక్కునే పిల్ల, రోగుల్ని ఏం పలకరిస్తాది? ప్రార్థనకు అయ్యగారు వస్తాడు కదా, ఆయన్నే అడుగుతా. పంపమంటే పంపుతా" అన్నాడు. ఆయన అనుమానం అన్యాయమేమీ కాదు. కరెంటు మీటరు చూసే మనిషి వచ్చినా నేను దొడ్లోకి పోయేదాన్ని.

నోరు లేకపోతే చదువైనా ఉండాలి కదా. చేరేలోగా శరీరం గురించి ఎంత చదవాలో, అదే కాలేజీలో రెండో ఏడు చదువుతున్న సువార్తక్కను ఫోనులో అడిగాను.

"ఏమీ చదవొద్దు మే. ఎముకలు, గుండె పైపైన చూసుకో. మిగతాది ఆడ వాళ్ళే నేర్పిస్తారు."

పైపైన అంటే ఎంతో నాకెప్పుడూ తెలియదు. ఎలుకను పట్టమంటే కొండను తవ్వే రకం నేను. పుస్తకంలో గుండె బొమ్మ చూస్తే పండగ ముందటి ఆళ్లగడ్డ బస్టాండులా ఉంది. ఏది ఎటు పోతుందో అంతు చిక్కలేదు. అసలుదే చూద్దామని, ప్రార్థనకు ముందు రోజు మటన్ దుకాణానికి వెళ్ళాను.

"అన్నా, గుండెకాయ. కొయ్యొద్దు. పైన గొట్టాలు ఉండాల."

"గొట్టాలేం చేసుకుంటావ్ పాపా? రుచి ఉండదు."

"చదువుకోవాల."

అతను నన్ను, గుండెకాయను మార్చి మార్చి చూశాడు. "తలకాయ కూడా ఉంది. మెదడు నీకు పనికొచ్చే మాదిరుంది" అన్నాడు.

ఇంటికి తెచ్చి కడిగి, మంచి రక్తం పోయే గొట్టాలకు ఎర్ర దారాలు, చెడు రక్తం పోయేదానికి నీలం దారం కట్టాను. నా పనితనానికి నాకే ముచ్చటేసి, మర్నాడు మళ్ళీ చూసుకుందామని స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి కదా.

మర్నాడు వంటకు వచ్చిన మేనత్తకు ఆ డబ్బా దొరికింది. దారాలు దుకాణంవాళ్ళు కట్టారనుకొని, కంటబడిన ఎర్రవి పీకేసి, గుండెకాయను ముక్కలు చేసి కూరలో వేసింది. నీలం దారం ఒక ముక్క లోపలికి జారి ఉండిపోయింది.

ప్రార్థన బాగా జరిగింది. భోజనాలప్పుడు గుండెకాయ ముక్కలు గౌరవంగా అయ్యగారికే వడ్డించారు. ఆయన నమిలాడు. ఆగాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి లాగాడు. లాగుతూనే ఉన్నాడు. అంత మసాలాలో ఉడికినా దారం రంగు పోలేదు.

"ఏందప్పా ఇది?"

నాయన అత్తను చూశాడు, అత్త అమ్మను చూసింది, అమ్మ నన్ను చూసింది. తలుపు వెనక్కి పోదామంటే సంఘపెద్ద దానికే ఆనుకొని కూర్చున్నాడు.

"అది పుపుస ధమని అయ్యగారూ" అన్నాను. "ధమనుల్లో మంచి రక్తమే పోతాది. ఇదొక్కటే చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకపోతాది. అందుకే నీలంది కట్టినా."

అక్కడ ఆగాల్సింది. నోరు తెరవడమే అలవాటు లేనిదాన్ని, మూయడం ఎట్లా తెలుస్తుంది? రక్తాన్ని కుడి పక్క నుంచి ఊపిరితిత్తులకు పంపి, మళ్ళీ ఎడమ పక్కకు తెచ్చి, ఆయన విస్తట్లో మిగిలిన ముక్క ఏ గదిదో కూడా వేలు పెట్టి చూపించాను. కూర్చున్నవాళ్ళంతా విస్తళ్ళు దూరంగా నెట్టేశారు. అత్త పెరుగు తెచ్చినా ఎవరూ చెయ్యి చాపలేదు.

నాయన తల వంచుకున్నాడు. "ఈ పిల్లను పంపేదా వద్దా అని మిమ్మల్ని అడుగుదామనుకుంటి అయ్యగారూ. ఇంగేం అడిగేది."

అయ్యగారు నిదానంగా చెయ్యి కడుక్కున్నాడు. "నోరు లేదంటివే అప్పా, నాకంటే పెద్ద ప్రసంగం చేసె. బేగా పంపు. ఈడనే ఉంటే మన సంఘంలో ఇంగెవరూ కూర తినలేరు."

అట్లా నంద్యాల చేరాను. చేరేముందు ఎంత చదవాలని ఇప్పుడు జూనియర్లు నన్ను అడుగుతారు. "ఇంట్లోవాళ్ళ భోజనానికి అడ్డం రానంత" అని చెబుతాను. నా మట్టుకు నేను ప్రమాణం చేసుకున్నాను: కాలేయమైనా, మూత్రపిండమైనా, ఉడికే వస్తువును ఇక ఈ జన్మలో ఇంటికి తెచ్చి చదవను.