తార్ మామ సొంత మాట

ఆ రోజుల్లో సెల్‌ఫోన్ మా గద్వాలకి కొత్తగా వచ్చింది. అందరికీ తెలిసినవాళ్లతో మాట్లాడటమే సరదా. నాకు మాత్రం తెలియనివాళ్లతో మాట్లాడాలని ఉండేది. సముద్రం అవతల ఎవరో ఒక మనిషి ఈ పూట ఏం వండుకున్నాడో, అక్కడ ఎండ ఎట్లా ఉందో ఊరికే తెలుసుకోవాలని. (కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం, పెళ్లి కాని ఆడపిల్లని, కావలసినంత తీరిక.) సొంత వైర్‌లెస్ పెట్టుకునే హామ్ రేడియో లైసెన్స్ ఉంటే ఇంట్లో కూర్చునే అదంతా అడగొచ్చని విని, ఆదివారాలు బస్సెక్కి వనపర్తిలో ఒక సైకిల్ షాపు పైగదిలో నడిచే క్లబ్బుకి పోవడం మొదలుపెట్టాను.

మెలిక అక్కడ తెలిసింది. చిన్న లైసెన్స్‌తో మాట చుట్టుపక్కల ఊళ్లు దాటదు. దూరదేశాలు అందే షార్ట్‌వేవ్ కావాలంటే మోర్స్ కోడ్ పరీక్ష పాసవ్వాలి, అంటే కీ అనే మీటని నొక్కుతూ పొట్టి చప్పుళ్లతో, పొడుగు చప్పుళ్లతో అక్షరాలు పంపడం, వినడం. బయటి దేశాల్లో ఆ పరీక్ష ఎత్తేస్తున్నారన్న కబురు రాగానే క్లబ్బు రెండు పార్టీలైంది. పరీక్ష ఉండాల్సిందే అనే కీ పార్టీకి ఒక లెక్చరర్ సారు పెద్ద. ఎత్తేయాలనే మైకు పార్టీకి టెంట్‌హౌస్ అన్న పెద్ద (మైకులు అద్దెకిచ్చి బతికే మనిషి ఇంకే పార్టీలో ఉంటాడు). నేను మొదట మైకు పార్టీ. తర్వాత మా మేనమామ దగ్గర కోడ్ నేర్చుకుని, చెవికి అక్షరాలు అందడం మొదలవగానే రాత్రికి రాత్రి కీ పార్టీలోకి దూకాను. నేను పడ్డ అవస్థ నా వెనక వచ్చేవాళ్లు పడకపోతే ఎట్లా అన్నదే నా సిద్ధాంతం.

మా మామ తార్ ఆఫీసులో టెలిగ్రాములు కొట్టి రిటైరైన మనిషి. ఊరంతా తార్ మామ అనేది. మా పక్కిల్లే, మధ్యన ఒకటే గోడ. నాకు నేర్పడమైతే నేర్పాడు గానీ, పాఠం అయిపోగానే చేతులు కడుక్కునేవాడు. ఎందుకని అడిగితే "తెల్వదు పో" అనేవాడు. నాకది పెద్ద వింతగా ఉండేది.

క్లబ్బు తన అభిప్రాయం ఢిల్లీకి రాయాలనుకున్నప్పుడు ఓట్లు సమానమయ్యాయి. "కోడ్ తోనే బువ్వ తిన్న మనిషి, ఆయన్నే అడుగుదాం" అని లెక్చరర్ సారు మామను రప్పించాడు, పూలదండతో సహా. మామ మెడలో ఆ దండ వేసినప్పుడే మేము గెలిచామనుకున్నాను. మామ గొంతు సవరించుకుని, "మాట్లాడనీకి నోరున్నది గద. గీ పరీక్ష ఎందుకు? తీసెయ్యిండ్రి" అని కూర్చున్నాడు. టెంట్‌హౌస్ అన్న అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. నాకు ఒక్కటీ దిగలేదు.

తిరుగు బస్సులో మొహం కిటికీ వైపు పెట్టుకుని కూర్చున్నాను. పెబ్బేరులో బస్సు ఆగినప్పుడు ఇక ఉండబట్టలేక, "నువ్వే గట్లంటే ఎట్ల మామా? ఇజ్జత్ పోయింది" అన్నాను.

"బిడ్డా, నాకొచ్చిన తార్లల్ల సగం సావు కబుర్లే" అన్నాడు మామ మెల్లగా. "ఎవలింట్ల ఏమైందో ఇంటోళ్లకంటే ముందుగాల నాకే తెలుస్తుండె. కాయితం ఇంక వాళ్లింటికి చేరకముందే బజార్ల ఆ మనిషి ఎదురై, మంచిగున్నవానే అని నవ్వుతుండె. నేను సుత నవ్వాలె. ఉద్యోగమంతా మందివే కొట్టిన. నా మాట ఒక్కటన్న కొట్టలే."

పాఠం కాగానే చేతులెందుకు కడుక్కునేవాడో అప్పుడు తెలిసింది. జాలేసింది, అంతసేపు అలిగినందుకు సిగ్గూ వేసింది. పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి ముందు సీటు ఇనుప కడ్డీ మీద, పొట్టికి తట్టి పొడుగుకి గీకి, మెల్లగా కొట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట: "చాయ్ తాగుతవా మామా?" మామ కడ్డీ వైపు వంగాడు. తర్వాత వేలి ఉంగరంతో, నాకు అందనంత వేగంగా ఏదో కొట్టాడు. నా మొహం చూసి నవ్వి, మళ్లీ నిదానంగా కొట్టాడు: "అల్లం ఏస్తెనే."

అక్కడితో ఆ మనిషికి కట్ట తెగింది. తెల్లారిందంటే గోడ అవతలి నుంచి చప్పుళ్లే. కూరేంది, కరెంటొచ్చిందా, మీ అమ్మ ఎందుకు ఒర్లుతుంది. మా అమ్మ తల పట్టుకుని, "మీ ఇద్దరికి నోర్లు పడిపోయినయా?" అనేది. ఒకరోజు నేను రేడియోలో మునిగి ఉండగా గోడ మోగింది: "మీ పప్పు మాడుతుంది." నిజంగానే మాడింది.

పరీక్ష పాసయ్యాను. పోలీసు ఎంక్వైరీ అన్నీ అయి లైసెన్స్ చేతికొచ్చేసరికి నాలో సగం ఉత్సాహం ఆవిరైంది. తర్వాత్తర్వాత నిబంధనలూ సడలాయి, రెండు పార్టీలూ కలిసిపోయాయి. సముద్రాల అవతలి వాళ్లలో చాలామందితోనే మాట్లాడాను. ఏరియల్ ఎంత ఎత్తు, సిగ్నల్ ఎట్లా అందుతుంది, ఇవే ముచ్చట్లు. ఏం వండుకున్నారో ఒక్కరూ చెప్పలేదు, అడగడానికి నాకూ మొహమాటమైంది. ప్రపంచం వంటింటి సంగతులు తెలుసుకుందామని బయల్దేరిన ఆ పిల్లకి అవి చెప్పింది గోడ పక్క మనిషి ఒక్కడే.

మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరో అద్దెకున్నారు. చాయ్ పొయ్యి మీద పెట్టినప్పుడు ఒక్కోసారి నా చేయి ఊరుకోదు, చెంచాతో గోడ మీద "అల్లం ఏస్తున్న మామా" అని కొడతాను. అవతలి వాళ్లు ఎలుకలనుకుని మందు పెడుతున్నారు.