కోత పండుగలో అత్తయ్యగారి అల్లం వైను

మొన్న తెనాలిలో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్తే, మెడకి బో కట్టుకున్న కుర్రాడొకడు పళ్ళెంలో గాజు గ్లాసులు పెట్టుకొచ్చి, ఇదేదో ఆటమ్ స్పైస్ కాక్‌టెయిల్ అనీ, మందు లేదు కాబట్టి పెద్దవాళ్ళు కూడా తాగొచ్చనీ చెప్పి ఒకటి నా చేతిలో పెట్టాడు. చూస్తే అందులో నిలువుగా ఒక దాల్చినచెక్క, పైన తేలుతూ ఎండిన నారింజ ముక్క, అడుగున రెండు లవంగాలు. ఒక గుక్క మింగేసరికి గొంతులో అల్లం చురుక్కుమంది. అంతే, నాకు నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్న మావారు గ్లాసు వైపూ నా వైపూ అనుమానంగా చూసి, అందులో నిజంగా ఏమీ కలపలేదు కదా అని ఆ కుర్రాణ్ణి మళ్ళీ పిలిచి మరీ అడిగారు.

ఆటమ్ అనే ఋతువు మన వైపు ఎప్పుడొస్తుందో ఎప్పుడు వెళ్తుందో ఈ వయసుకీ నాకు తెలియదు. మనకి తెలిసిందల్లా వాయుగుండాల భయం తీరి, తెల్లవారుజామున చేల మీద మంచు పరుచుకుని, వరి పసుపు తిరిగి కోతకి వచ్చే రోజులు. రేపల్లెలో ఆ రోజులొచ్చాయంటే ఊరంతా కొత్త ధాన్యం వాసన, మిల్లుల చప్పుడు, ఏ ఇంట్లో విన్నా దగ్గులు. సరిగ్గా అప్పుడే మా చర్చిలో కోత పండుగ వచ్చేది. ఎనభైల చివర్లో అలాంటి ఒక పండుగనాడు మా అత్తయ్యగారు సాధించిన ఘనకార్యం చెబుదామనే ఇది మొదలుపెట్టాను. మన ఈడువాళ్ళయితే ఓపిగ్గా వింటారు.

అత్తయ్యగారి పుట్టిల్లు తెనాలి. ఆవిడ నాన్నగారు ఆసుపత్రిలో కాంపౌండరు. వాళ్ళింట్లో చలి మొదలవగానే అల్లం వైను చేసేవారట. పేరుకే వైను, అల్లం దంచి, దాల్చినచెక్క, లవంగాలు, చిటికెడు జాజికాయ, ఎండబెట్టిన కమలా తొక్కలు, ఘాటు కోసం ఒకట్రెండు ఎండుమిరపకాయలు వేసి బాగా మరిగించి, పంచదారని నల్లగా మాడ్చి రంగు కోసం అందులో పోసి, చల్లారాక నిమ్మరసం పిండి పలచటి గుడ్డలో వడకట్టడం, అంతే. అయితే ఆ కాంపౌండరు తాతగారు సరదా మనిషి కావడంతో, మగవాళ్ళ గ్లాసుల్లో మాత్రం తలో మూతెడు బ్రాందీ ఒలికించేవారట. పెళ్ళయిన తర్వాత మొదటి క్రిస్మస్‌కి కొత్త అల్లుడిగా వెళ్ళిన మామయ్యగారికి కూడా అదే మర్యాద చేశారు. మామయ్యగారు గ్లాసు ముక్కు దాకా తెచ్చుకుని, కింద పెట్టేసి, భోజనమైనా చెయ్యకుండా స్టేషన్‌కి నడిచి వెళ్ళి రేపల్లె బండెక్కేశారు.

ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. సొంత అన్నగారు తాగుడుకి బానిసై, పొలమూ ఆరోగ్యమూ పోగొట్టుకుని కన్నుమూయడం కళ్ళారా చూసిన మనిషి. హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ పిల్లలకీ, రిటైరయ్యాక చర్చిలో సంఘపెద్దగా పెద్దలకీ ఆయన చెప్పింది ఒకటే పాఠం, సీసా జోలికి పోవద్దని. ఆ క్రిస్మస్ తర్వాత అల్లం వైను మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని తీర్మానమైపోయింది. అత్తయ్యగారు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడం ఆవిడకి చేతకాదు. కానీ మంచు పడే రోజులు రాగానే ఒక లవంగం బుగ్గన పెట్టుకుని, వంటింటి కిటికీ దగ్గర కాస్సేపు ఊరికే నిలబడేవారు. కాపరానికి వచ్చిన కొత్తలోనే నేనది కనిపెట్టాను.

నాది బాపట్ల. రేపల్లె స్కూల్లో టీచరు ఉద్యోగం, దానికి తోడు కొత్త కోడలికి ఉండకూడనంత నోరు. ఒక సాయంత్రం నాకు జలుబు చేస్తే అత్తయ్యగారు కషాయం కాచి ఇస్తూ, ఈ కథంతా చెప్పుకొచ్చి, చివరికి చిన్నపిల్లలా మూతి ముడుచుకుని, “బ్రాందీ పోసింది మా నాన్న. నేను కాదు గదే అమ్మాయ్! నా చేత్తో చేసింది ఆయన ఒక్క గుక్కన్నా తాగి చూళ్ళేదు,” అన్నారు. నాకు మనసంతా చేదైపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ ఏం వండినా వంక పెట్టకుండా తిన్న మనిషి, ఆవిడకి అన్నిటికంటే ఇష్టమైనదాన్ని మాత్రం నోట పెట్టనేలేదంటే ఆ బాధ మామూలుది కాదు. ఈసారి కోత పండుగకి అల్లం వైను చెయ్యాలి, మామయ్యగారి చేత తాగించాలి అని అక్కడికక్కడే పంతం పట్టాను. ఆవిడ ముందు భయపడ్డారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత కమలా తొక్కలు ఎండబెట్టడం మొదలుపెట్టారు.

కోత పండుగ ఎరగని వాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. ఆ ఆదివారం ఎవరికి పండింది వాళ్ళు, వరి కంకుల కట్టలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు, ఏమీ పండని మాలాంటి ఉద్యోగస్థులు ఇంట్లో చేసిన కేకులో అరిసెలో తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవాళ్ళం. ఆరాధన అయ్యాక వాటన్నిటినీ బయట పందిట్లో వేలం వేసేవారు. వేలం వేసేది ఏటా మామయ్యగారే. ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా ఎత్తిపట్టి, ఫలానా మాస్టారి ఇంటి కేకు, ఫలానా బాబాయి ఇంటి గుమ్మడికాయ అని ఇంటి యజమాని పేరు పలికి, దాన్ని పొగిడి పొగిడి పాట పెంచేవారు. కేకు ఏ అమ్మ చేసిందో ఎవరూ అనేవారు కాదు, మాకూ అది వింతగా తోచేది కాదు. దేవుడి ముందు పెట్టినదాన్ని వద్దని తోసెయ్యడానికి సంఘపెద్దకైనా వీల్లేదు, మా ఎత్తంతా దాని మీదే.

మామయ్యగారు ఏదో మీటింగుకని గుంటూరు వెళ్ళిన రోజు పొయ్యి మీద పెద్ద గిన్నె ఎక్కించాం. నేను అల్లం దంచాను. పంచదార ఎందుకండీ, మా బాపట్ల తాటిబెల్లం వేస్తే ఆ రుచే వేరని నేను పట్టుబడితే, కొత్త కోడలి ముచ్చట ఎందుకు కాదనాలని ఆవిడ సరేనన్నారు. గిన్నె మీద వంగి ఆవిరి పీల్చి కళ్ళు మూసుకున్నప్పుడు ఆవిడ ముఖం చూసి తీరాలి, తెనాలిలో పావడా కట్టుకుని తిరిగిన పిల్ల ఎలా ఉండేదో నాకప్పుడు కనిపించింది. కడిగి ఆరబెట్టిన స్క్వాష్ సీసాల్లో పోసి, అందానికని ఒక్కోదాంట్లో నాలుగు ఎండుద్రాక్షలు వేసి, మూతలు బిగించాం. ఇక దాచడం ఎక్కడ? నీళ్ళు కాచే పొయ్యి కోసం మిల్లు నుంచి తెప్పించిన ఊక బస్తా పెరటి వసారాలో ఉండేది. ఇంట్లో మామయ్యగారు చెయ్యి పెట్టని చోటు అదొక్కటే. సీసాల్ని ఊకలో నిలువునా పాతిపెట్టి, మా తెలివికి మేమే మురిసిపోయాం. పచ్చి అరటిగెలని ఊకలో పెట్టి పండించుకునే ఇల్లు మాది. ఆ వెచ్చదనానికి గెల పండితే తాటిబెల్లం పులవకుండా ఊరుకుంటుందా అన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ఆదివారం సీసాల్ని బుట్టలో పెట్టి, పైన కొత్తిమీర కట్టలు కప్పి, చర్చిలో గుమ్మడికాయల చాటున నిలబెట్టాం. వేలం జోరుగా సాగింది. కోడిపుంజుల దగ్గర పరాచికాలు, గుమ్మడికాయ దగ్గర పోటీ. ఆ తర్వాత మామయ్యగారి చెయ్యి మా సీసా మీద పడింది. దాన్ని ఎత్తి ఎండకి పట్టి చూశారు. ఎర్రటి మంచి రంగు. ఇదెవరి ఇంటిదమ్మా అని అడిగితే, చాప మీద కూర్చున్న ఆడవాళ్ళలో అత్తయ్యగారు తల దించుకున్నారు, నా నోరు కూడా మొదటిసారి పడిపోయింది. వెనకనుంచి రైసుమిల్లు బాబాయిగారు, “మూత తీసి చూడండి మాస్టారూ, తెలిసిపోద్ది గదా!” అని కేకేశారు.

మూత రెండు చుట్లు తిరిగిందో లేదో, టప్‌మని ఎగిరిపోయింది. నురగ బుసబుసా పొంగి మామయ్యగారి గంజిపెట్టిన లాల్చీ మీద, కళ్ళజోడు మీద, పక్కనున్న పాస్టరుగారి చేతి మీద పడింది. ఎవరో మెల్లిగా సారా అన్నారు. మామయ్యగారి ముఖం ఎలా ఎర్రబడిందో ఇప్పటికీ నా కళ్ళకి కట్టినట్టే ఉంది. ఆయన కళ్ళజోడు తీసేసి, సీసాని నేల మీద ఒంపెయ్యబోయారు. అయిపోయింది, ఇక ఈవిడ ఈ జన్మలో లవంగం కూడా ముట్టదు, అంతా నావల్లే అనుకుని నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడు లేచారు అత్తయ్యగారు. చర్చిలో పాట తప్ప మాట ఎన్నడూ పలకని మనిషి, చాపల మధ్యనుంచి నడిచి వెళ్ళి, ఆయన చేతిలోంచి సీసా తీసుకున్నారు. “గోళీసోడా కొడితే పొంగదా ఏంటండీ? దాన్ని సారా అంటారా? ఇది నేను చేశానండి. అల్లం, బెల్లం, నిమ్మరసం. బ్రాందీ చుక్క లేదు. ఊకలో దాచాం, వేడికి పొంగింది. మీకు చెప్పి చేస్తే చెయ్యనివ్వరు గదా, అందుకని దాచాం,” అని, మంచినీళ్ళ బిందె దగ్గరున్న స్టీలు గ్లాసు నింపి, అందరూ చూస్తుండగా గడగడా తాగేశారు. తాగి, గ్లాసు మళ్ళీ నింపి, ఆయన ముందు పట్టుకుని నిలబడ్డారు.

మామయ్యగారు ఎంతసేపు ఆ గ్లాసు వైపు చూశారో తెలియదు. చివరికి అందుకున్నారు, వాసన చూశారు, ఒక గుక్క తాగారు. మిరప ఘాటుకి పొలమారి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది మిరపకాయ వల్లే అని ఆయన తర్వాత ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఇంకో గుక్క తాగారు. ఆ తర్వాత గ్లాసు ఖాళీ చేసి, లాల్చీ చేతితో మూతి తుడుచుకుని, వందమంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన ఆ గొంతుతో, “మా ఇంటిదే! మా ఆవిడ చేసింది! పాడండి!” అని అరిచారు.

పందిరి దద్దరిల్లిపోయింది. రైసుమిల్లు బాబాయిగారు ఒక పక్క, పోస్టుమాస్టరుగారు ఒక పక్క పంతానికి పాడారు. ఆఖరి సీసా దగ్గర మామయ్యగారు పాట ముగిసినప్పుడు కొట్టే గంట పాస్టరుగారికి ఇచ్చేసి, వేలం వేసే మనిషి పాట పాడకూడదు గనక, చర్చి మెట్లు దిగి జనంలో నిలబడి, తన పెళ్ళాం చేసిన సీసాని తనే పాడి గెలుచుకున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు, ఎప్పుడూ పది అడుగులు ముందు నడిచే మనిషి ఆవేళ ఆవిడ పక్కనే నడుస్తూ, సీసాని జెండాలా పైకి పట్టుకుని బజారు మధ్యనుంచి వచ్చారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, “బ్రాందీ లేకుండానే ఇంత బావుంటే, మీ నాన్న దాన్నెందుకు పాడుచేశాడే?” అన్నారు. అత్తయ్యగారు పడీ పడీ నవ్వారు. నాకైతే నేనే పరీక్షలో ఫస్టుక్లాసు తెచ్చుకున్నంత గర్వం.

మరుసటి ఏడు అల్లం చెక్కు తీసింది మామయ్యగారే. తాటిబెల్లమే వెయ్యాలని పట్టుబట్టిందీ ఆయనే, కాకపోతే ఊక బస్తా దరిదాపుల్లోకి సీసాల్ని రానిచ్చేవారు కాదు. తొంభైల్లో మద్యనిషేధం వచ్చినప్పుడు కూడా మా ఇంటి అరుగు మీద సీసాలు వరసగా ఎండలో ఆరుతుండేవి, దారినపోయే వాళ్ళు సీజన్ ఎప్పుడు మాస్టారూ అని అడిగి మరీ వెళ్ళేవారు.

ఇద్దరూ వెళ్ళిపోయి చాలా కాలమైంది. కోత పండుగ ఇప్పటికీ వస్తుంది, వేలం మాత్రం లేదు. కోళ్ళు అరిస్తే ఆరాధనకి భంగమనీ, గుమ్మడికాయలు మోసే ఓపిక ఎవరికుందనీ అందరూ కవర్లలో కానుక వేసి ఇస్తున్నారు. ఆడవాళ్ళ పేర్లు కూడా మైకులో చక్కగా చదువుతున్నారు, సంతోషమే. అల్లం వైను నేను ఏటా చేస్తూనే ఉన్నాను, మావారు రెండు గ్లాసులు తాగి బావుందని మెల్లిగా అంటారు. కానీ పెళ్ళాం చేసినదాన్ని నలుగురిలో రెండు చేతులా ఎత్తిపట్టి, ఇది మా ఆవిడ చేసిందని గొంతు చించుకుని అరిచిన మగవాణ్ణి మామయ్యగారి తర్వాత మళ్ళీ నేను చూడలేదు. ఇది మావారు చదువుతారని తెలిసే రాస్తున్నాను.