సిలువ వెనకపక్క అతుకు

మాది ఆదివారం తప్పకుండా చర్చికెళ్లే ఇల్లే గానీ, దెయ్యాలూ మాయలూ అంటే నేను నవ్వేసేవాణ్ణి. అనకాపల్లిలో నాది వెల్డింగ్ షాపు. కంటికి కనిపించి చేతికి తగిలిందే నిజం అనుకునే మనిషిని.

నాకు పని నేర్పింది మా మేనమామ దానియేలు. పూడిమడక రేవులో పడవలకి ఇంజిను కూర్చునే ఇనప బెడ్లు అతికేవాడు. వయసు మళ్ళేక చూపు పూర్తిగా పోయింది. డాక్టర్లు ఏవో కారణాలు చెప్పేరు గానీ, ఒట్టి కళ్ళతో వెల్డింగ్ మంట చూడ్డం వల్లే పోయిందని ఆయన నమ్మకం.

అందుకే పట్టుబట్టి నాచేత వైజాగ్‌లో వెల్డింగ్‌కి పెట్టుకునే ఆటో హెల్మెట్ కొనిపించేడు. మంట అంటుకోగానే దాని అద్దం దానంతటదే నల్లబడుతుంది, ఆరగానే తేటపడుతుంది. రెండువేల ఆరు ప్రాంతంలో మా వీధిలో అలాంటిది ఇంకెవరికీ లేదు. కొట్లో ఒక్కోటీ నా తలకి పెట్టించి, "మెడ లాగుతోందేటిరా? లాగితే వద్దు. బేగి నల్లబడేదే తీసుకో" అన్నాడు. అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవడం, పై ప్లాస్టిక్ గీతలు పడితే మార్చడం, మంటని పసిగట్టే సెన్సార్ల మీద దుమ్ము లేకుండా చూసుకోవడం, పనికి ముందు పరీక్ష చెయ్యడం, అన్నీ ఆయన పోరు పడలేక అలవాటు చేసుకున్నవే.

ఆ వేసవిలో మా చర్చి మీద ఇనప సిలువ నిలబెట్టే పని నాకిచ్చేరు. సరిగ్గా దాని కిందే పిల్లలు ఆడుకుంటారు. సిలువ కాలు పైనున్న పిట్టగోడకి మరీ దగ్గరైపోయింది. మూడు పక్కలా అతికేను, వెనకపక్కకి వెల్డింగ్ రాడ్డు దూరలేదు. అంతా కోసేసి మళ్ళీ మొదలెట్టాలేమో అనుకుంటూ ముందుపక్క ఇంకో వరస వేస్తున్నాను.

గోడ సందులో ఇంకో మంట కనిపించింది.

నాది ఆపేను. అద్దం తేటపడాలి. పడలేదు. రాడ్డు కాలుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ వెలుగు సందులో నెమ్మదిగా జరుగుతూ ఆ చివరికెళ్ళి ఆరింది. అప్పుడు తేటపడింది అద్దం. భయం వెయ్యలేదు. ఒళ్ళంతా జలదరించింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి.

సంచిలోంచి మొహం చూసుకునే చిన్న అద్దం తీసి సందులో పెట్టి చూసేను. వెనక అతుకు నిండుగా పడి ఉంది, ఇంకా ఎర్రగా. చేపపొలుసుల్లాంటి వరస. ఎడమచేతి వాటం మనిషి లాగినట్టుంది. మామది ఎడమచేతి వాటం.

కిందికి దిగేను. పొద్దున్న మాతో వచ్చిన మామ నీడలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చొక్కా చెమటకి తడిసిపోయింది. "ఇందాకట్నించీ మీ మామయ్య ఎడంచెయ్యి గాల్లో ఆడిస్తన్నాడు. పిలిస్తే పలకలేదు" అంది ఆయన పక్కనే ఉన్న మా ఆవిడ.

మామ నా అడుగుల చప్పుడు విని, "ఎనకపక్క సల్లారేదాకా రంగెయ్యకురా" అన్నాడు.

వెనకపక్క సంగతి నేనెవరికీ చెప్పలేదు.

హెల్మెట్ విప్పి చూసేను. సెన్సార్లు శుభ్రంగా ఉన్నాయి, అద్దంలో తేడా ఏమీ లేదు. ఉన్నా, అద్దం పాడైనంత మాత్రాన ఇనుము దానంతటదే అతుక్కోదు కదా.

మామ పోయేముందు ఒక్కసారి ధైర్యం చేసి అడిగేను. "మామా, ఆ ఎనకపక్క అతికింది ఎవరు?"

"పైన ఉన్నది నువ్వే కదరా" అన్నాడు.

నిజమే. పైన నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ అతుకు మాత్రం నేను వెయ్యలేదు.