ఆమె ఎత్తుకు బిగించిన సీటు

మా ఆవిడ జ్వరంతో పోయాక ఆమె సైకిలును నేను తొక్కడం మొదలుపెట్టాను. షుగరుకు మంచిదని డాక్టరు చెప్పాడని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడిని. డాక్టరు సైకిలు తొక్కమన్న మాట నిజమే. ఈ సైకిలే తొక్కమని మాత్రం ఆయన అనలేదు.

చౌడేపల్లె రోడ్డులో మా ఊరు. పుంగనూరులో ఒక పాల డెయిరీలో గుమాస్తాను. ఆమె పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. మదనపల్లెలో ఆ సైకిలు కొన్న రోజు, చీరతో ఎక్కి దిగేదాన్ని, రెండు కాళ్లూ నేలకు ఆనాలని పట్టుబట్టి సీటు బాగా కిందికి దింపించుకుంది. మనిషి పొట్టి. ఆ తర్వాత ఆ బోల్టును ఎవరూ కదిలించలేదు.

నేనేమో పొడుగు. మోకాళ్లు హ్యాండిలుకు కొట్టుకునేవి. కాళ్లు సాగే వీల్లేక ఒంటి బరువంతా సీటు మీదే పడేది. పుంగనూరు చేరేసరికి కూర్చునే చోటంతా పచ్చి పుండు. ఆఫీసులో కుర్చీని చూస్తేనే భయమేసేది, నిలబడే పని చేసుకునేవాడిని.

"ఏమప్పా, కుర్చీలో ముల్లుండాదా?" అన్నాడు పక్కన కూర్చునే ఆయన.

"నడుం నొప్పిలే," అన్నాను. యాభై దాటిన మగవాడు ఆడవాళ్ల సైకిలెక్కడమే ఊరికి పెద్ద వేడుక. ఇంక నొప్పి ఫలానా చోట అని కూడా చెప్పాలా?

మొదట తువ్వాలు మడిచి వేసుకున్నాను. మదనపల్లె పోయి స్పాంజి కవరు తెచ్చాను. కుప్పంలో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడబోయినప్పుడు అక్కడ ఇంకా మెత్తనిది, జెల్ కవరట, అదీ కొన్నాను. మెత్తగా ఉంటే సుఖమనుకోవడం నా తెలివి. అందులోకి దిగబడేకొద్దీ తొడలు ఇంకా ఒరుసుకుపోయాయి. రోడ్డును తిట్టాను, కవరు అమ్మినవాణ్ణి తిట్టాను.

సెలవులకు అమ్మాయి ఇంటికి వచ్చింది. సాయంత్రం నేను సైకిలు దిగి కాళ్లు ఎడం చేసుకుని నడిచి రావడం వాకిట్లోంచి చూసింది.

"నాయనా, సీటు అంత కిందుంటే నొప్పి పుట్టదా? ఎన్ని కవర్లేసినా ఇంతే. యాల ఎత్తుకోవు?"

"నా నొప్పి నాకు తెల్సు. నువ్వు లోపలికి పో."

"ఒక్క బోల్టు నాయనా, నేను ఎత్తిస్తా."

"అది మీ అమ్మ పెట్టుకునింది. ఎవురూ ముట్టుకోవాకండి!"

అంత గట్టిగా అరుస్తానని నేనూ అనుకోలేదు. చీరలు ఆమె చెల్లెళ్లు తీసుకుపోయారు. చెప్పులు ఏమయ్యాయో తెలియదు. గోడ మీద ఫోటో భుజాల దాకానే. ఆమె ఇంత ఎత్తు మనిషి అని చెప్పడానికి ఇంట్లో మిగిలింది ఆ సీటొక్కటే. దాని మీద ఇమడలేక బాధపడుతున్నంతసేపూ ఆమె దగ్గరున్నట్టే ఉండేది. ఆ నొప్పి పోవడం నాకు ఇష్టం లేదు.

అమ్మాయి సైకిలు దగ్గరికి వచ్చింది. తర్వాత మెల్లగా అంది: "నాకూ తెల్సు నాయనా. అందుకే ఇన్నాళ్లూ వచ్చినప్పుడల్లా సూసి గూడా అడగలా. నువ్వు గూడా మంచాన పడితే నేను యాడికి పోవల్ల?"

 స్పానరు తెచ్చి ఇచ్చాను. బోల్టు తిప్పడానికి నాకు చేతులు రాలేదు.

తుప్పు పట్టిన సీటు పైపు నూనె పోసినా మొరాయించింది. చివరికి కదిలి పైకొచ్చింది. ఇన్నేళ్లూ లోపల దాగిన ముక్క కొన్ననాటిలాగే తళతళలాడుతోంది. దానికీ పై తుప్పుకూ మధ్య ఒక గీత. అమ్మాయి దాని మీద వేలు పెట్టి, "అమ్మ ఈడిదాకా," అంది. నేను లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు కాళ్లు హాయిగా సాగాయి. బరువు పెడళ్ల మీదికి పోయింది. ఆఫీసులో రోజంతా కుర్చీలోనే కూర్చున్నాను.

"నడుం బాగైనట్టుండాదే," అన్నాడు పక్కాయన.

"అయింది," అన్నాను.

తిరిగి వస్తుంటే ఎక్కడా నొప్పి లేదు. రోజూ ఊరి దాకా దాన్నే తలుచుకుంటూ, తిట్టుకుంటూ వచ్చేవాడిని. ఇప్పుడు ఏం చేయాలో తోచలేదు. టమోటా తోటల దగ్గర బ్రేకు వేశాను. రెండు కాళ్లూ నేలకు అందలేదు. సైకిలును ఒక పక్కకు వంచి, ఒంటికాలి మీద నిలబడి, ఆమె పోయిన రోజు రాని ఏడుపు ఏడ్చాను.