సత్తార్ చేతిలో మిగిలే లోపం

బోధన్‌లో రేడియోలు బాగుచేసే సత్తార్ ఏ వస్తువునూ పూర్తిగా బాగుచేయడు. ఎంత చచ్చినదాన్నయినా బతికించి ఇస్తాడు. ఒక్క లోపం మాత్రం దానికే వదిలేస్తాడు.

వసంతమ్మ రేడియో మీద ఇత్తడి చెంబు పెడితేనే వార్తలు చెప్పేది. చక్కెర ఫ్యాక్టరీ గుమాస్తా ఫ్యాను గోడవైపు పెడితేనే తిరిగేది.

"గిదేం రిపేరు భాయ్?" అని గుమాస్తా అడిగాడు.

"మొత్తం సాఫు చేస్తే అది మీ ఫ్యాను ఎట్లయితది సాబ్? దుకాణంల ఫ్యాను అయితది."

గుమాస్తాకు సగమే అర్థమైంది. గోడకు మాత్రం చల్లగా ఉండేది.

రాజారాంకు సత్తార్ పద్ధతి నచ్చేది. బాపురావు బ్యాండులో అతను వాయించే కరెంటు గిటారు పన్నెండేళ్ళ కింద బొంబాయి నుంచి పాతదిగానే వచ్చింది. సత్తార్ చేతిలో పడ్డాక, మోచేత్తో ఒకచోట అదిమితేనే పలికేది. ఆ చోటు రాజారాం మోచేతికి తెలుసు.

డెబ్భై నాలుగులో బాపురావు ఆ గిటారును సత్తార్ బల్ల మీద పెట్టాడు. రాజారాం పక్కనే ఉన్నాడు.

"ఈసారి నీ నఖరాలు వద్దు భాయ్. రంగెయ్యి, వైర్లు మార్చు. ఎవరు ముట్టినా మోగాలె. నిజామాబాద్ రామ్‌దాస్‌ను మాట్లాడిన. ఎగిరెగిరి వాయిస్తడు."

"మరి రాజన్న?"

"రాజన్న దుంకుతడా? పెట్టెలు మోస్తడు తియ్యి."

రాజారాం నేల చూశాడు.

"రంగు ముట్ట. పన్నెండేండ్ల చెమట ఉంది దాని మీద. వైర్లు సాఫు చేస్త," అన్నాడు సత్తార్.

సాఫు చేస్తానని సత్తార్ అనగా బోధన్‌లో అప్పటిదాకా ఎవరూ వినలేదు. రాజారాం బల్ల మీది గిటారును చివరిసారిగా మోచేత్తో అదిమి చూశాడు.

వారానికి సత్తార్ గిటారును తన ఒడిలో పెట్టుకుని మోగించి మరీ ఇచ్చాడు. ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ క్వార్టర్లలో పెళ్ళి. రామ్‌దాస్ ఎగిరాడు. గిటారు పలకలేదు. మళ్ళీ ఎగిరాడు.

"గీ పిలగానికి చీమలు కుట్టినయా?" అని పెళ్ళికొడుకు తాత అడిగాడు.

బాపురావు గిటారు లాక్కుని రాజారాం చేతిలో పెట్టాడు. మోచెయ్యి తన చోటు తానే వెతుక్కుంది. గిటారు గొంతెత్తింది. తాత కూడా లేచి రెండడుగులు వేశాడు.

మరునాడు బాపురావు రాజారాంను వెంటబెట్టుకుని సత్తార్ దుకాణానికొచ్చి చిందులు తొక్కాడు.

"పాత మాలు సాబ్. పాత చెయ్యినే అడుగుతది. నేనేం చేస్త?" అన్నాడు సత్తార్.

"అయితే గిటారు రాజన్నదే. రామ్‌దాస్‌ను ముందల నిలబెట్టి ఆడిస్త. వాని ఎగురుడు ఊకె పోవద్దు."

బాపురావు వెళ్ళాక రాజారాం బల్ల మీదికి వంగాడు.

"నిజం చెప్పు భాయ్. ఆ వైరు నీకు కుదరలేదా?"

"ఎందుకు కుదరది? పావుగంటల కుదిరింది. మళ్ళ నీ మోచేతికి సరిపోయేటట్టు చెడగొట్టనీకే నాలుగు రోజులు పట్టింది."